మోకాలికి దెబ్బ, నడుముకి మందు: నా అనుభవం

దెబ్బ తగిలింది ఎడమ మోకాలికి. ఎమ్మారై తీయించుకుని, బెల్టు కొనుక్కుని, నెలల తరబడి మాత్రలు మింగింది మాత్రం నడుము కోసం. ఈ రెండిటికీ సంబంధం ఉందని తెలిసేసరికి దాదాపు ఏడాది పట్టింది. "మీకు తగ్గిందిగా మేడం, ఏం చేశారు?" అని ఈ మధ్య స్టాఫ్‌రూములో అడుగుతున్నారు. ఒక్క మాటలో తేలేది కాదు కాబట్టి రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, లెక్కల టీచర్ని. నాకు జరిగింది, నాకు వైద్యం చేసినవాళ్లు చెప్పింది, తర్వాత నేను కూర్చుని చదువుకున్నది, ఇంతే ఇందులో ఉన్నది.

మాది గుంటూరు, పట్టాభిపురం. బడి ప్రత్తిపాడు వైపు ఒక పల్లెలో. బస్టాండు దాకా స్కూటీ మీద వెళ్లి, అక్కడ బస్సెక్కుతాను. ఒక వానాకాలం పొద్దున అరండల్‌పేటలో ట్రాఫిక్‌కి ఆగి ఎడమ కాలు కింద పెట్టాను. పాదం బురదలో దిగబడిపోయింది, బండేమో ఎడమ పక్కకి ఒరిగింది. మోకాలు లోపలికి మెలి తిరిగి టక్కుమంది. సాయంత్రానికి వాచి కుండలా అయింది.

కొత్తపేట వెళ్లాం. గుంటూరులో ఒంట్లో ఏం తేడా చేసినా చివరికి చేరేది కొత్తపేటకే. ఎముక విరగలేదన్నారు. మోకాలి లోపలి పక్కనుండే లిగమెంటు, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ, సగం తెగింది, రెండో గ్రేడు. దాని పక్కనే ఉండే మెనిస్కస్‌లో చిన్న చీలిక. తొడ ఎముకకీ కింది ఎముకకీ మధ్య 'సి' అక్షరం ఆకారంలో రెండు మెత్తలుంటాయి, అవే మెనిస్కస్‌లు. మనవాళ్లు "గుజ్జు" అనే మాటలో వీటినీ, ఎముక చివర ఉండే నున్నటి పొరనీ కలిపేస్తారు. ఆపరేషన్ అక్కర్లేదు, కొన్ని వారాలు బ్రేస్ (మోకాలు మెలి తిరగకుండా పట్టి ఉంచే గట్టి పట్టీ) వేసుకుని తర్వాత ఫిజియోథెరపీ చేయించుకోమన్నారు.

బ్రేస్ వేసుకున్నాను. ఫిజియో సంగతి ఎవరమూ పట్టించుకోలేదు. వాపు తగ్గింది, నొప్పి తగ్గింది, ఇంకేం కావాలి? మా పెద్దాడపడుచు పుత్తూరు కట్టు వేయించమని రోజూ ఫోను. మా అత్తయ్య రోజూ వావిలాకు మరిగించి కాపడం పెట్టేవారు, రాత్రిపూట మోకాలి కింద మెత్తటి దిండు పెట్టి పడుకోబెట్టేవారు. ఆ దిండు ఎంత హాయిగా ఉండేదో! దాని సంగతి తర్వాత చెబుతాను.

బ్రేస్ తీసేసి బడికి వెళ్లడం మొదలుపెట్టాను. కొంచెం ఎగుడుదిగుడుగా నడిచేదాన్ని. పిల్లలు నా నడక అనుకరించి నవ్వుకోవడం కిటికీలోంచి చూశాను. ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు ఎక్కడానికి కుడి కాలే ముందు పెట్టేదాన్ని. బోర్డు మీద రాసేటప్పుడు బరువంతా కుడి కాలి మీదే ఉండేదట. అది నాకు తెలియదు, తర్వాత వేరేవాళ్లు చూసి చెప్పారు.

ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ వచ్చింది. పొద్దుట్నుంచి బెంచీ మీద కూర్చుని పేపర్లు దిద్ది, మధ్యాహ్నం భోజనానికి లేవబోతే నడుము కలుక్కుమంది. ఎడమ పక్క, తుంటి ఎముకకి కాస్త పైన. పక్కావిడ పట్టుకోకపోతే అక్కడే కూలబడేదాన్ని. రెండు రోజుల్లో సర్దుకుంటుందనుకున్నాం. సర్దుకోలేదు. పడుకుంటే బాగానే ఉండేది, రెండు పీరియడ్లు నిలబడితే మళ్లీ పట్టేసేది.

ఈసారి వేరే డాక్టరు. నడుము అన్నాను కాబట్టి ఆయన నడుమే చూశారు. ఎమ్మారైలో నాలుగో, ఐదో నడుము పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ కొంచెం ఉబ్బిందని వచ్చింది. మాత్రలు, బెల్టు, వంగొద్దు, బిందె ఎత్తొద్దు. ఆ రిపోర్టు చదివి నాకు పట్టుకున్న టెన్షన్ నొప్పికన్నా ఎక్కువ. డిస్క్ అన్న మాట చెవిన పడగానే చుట్టాలందరికీ తెలిసిన ఒక భయంకరమైన కేసు గుర్తొస్తుంది కదా! మాత్రలు వాడినన్నాళ్లు నొప్పి తగ్గేది, ఆపితే వచ్చేది.

చాలా తర్వాత చదివాను. 2015లో అమెరికన్ జర్నల్ ఆఫ్ న్యూరోరేడియాలజీలో ఒక సమీక్ష వచ్చింది. నడుము నొప్పి అసలే లేని 3,110 మంది స్కాన్‌ల లెక్కలు అందులో ఉన్నాయి. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లలో నూటికి 30 మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. నలభై ఏళ్లవాళ్లలో 50 మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 మందికి. అంటే నా వయసు ఆడవాళ్లని వీధిలో నిలబెట్టి ఎమ్మారై తీస్తే, సగం మందికి నా రిపోర్టే వస్తుంది. ఆ ఉబ్బుకి నొప్పితో సంబంధమే ఉండదని కాదు. ఉబ్బు కనిపించినంత మాత్రాన నొప్పికి కారణం దొరికేసినట్టు కాదు. ఈ లెక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే కొన్ని రాత్రులు నిద్రపోయేదాన్ని.

బ్రాడీపేటలో ఒక ఫిజియో కుర్రాడు బాగా చూస్తాడని మావారి ఆఫీసులో ఎవరో చెప్పారు. కుర్రాడే, మా పెద్దవాడికన్నా నాలుగైదేళ్లు పెద్ద ఉంటాడేమో. ఎమ్మారై కవరు బల్ల మీద పెట్టాను. దాన్ని ముట్టుకోలేదు.

"ఎడమ మోకాలికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా మేడం?"

"నేను వచ్చింది నడుముకి బాబూ."

"తెలుసండీ. గుమ్మం దగ్గర్నుంచి కుర్చీ దాకా మీరు నడిచి రావడం చూశాను."

ముందు నడుమే చూశాడు. సుత్తితో మోకాళ్ల మీద కొట్టాడు, కాలి బొటనవేళ్లు పైకెత్తమని తన చేత్తో అదిమాడు, పడుకోబెట్టి కాళ్లు ఒక్కొక్కటే తిన్నగా లేపి చూశాడు. ఒంటికి వెళ్లడంలో ఇబ్బంది ఉందా, కూర్చునే చోట మొద్దుబారినట్టు ఉంటోందా, పాదం పైకి లేవకుండా జారిపోతోందా అని అడిగాడు. లేవన్నాను. "వీటిలో ఏది కనిపించినా నాకోసం ఆగొద్దు, అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్లిపోవాలి" అని రెండుసార్లు చెప్పాడు. నరం మీద ఒత్తిడి ఉన్నట్టు ఏ గుర్తూ కనపడలేదట.

తర్వాత మోకాలు. బోర్లా పడుకోబెట్టి, మోకాళ్ల దాకా బల్ల మీద ఉంచి, కింది కాళ్లు బల్ల అంచు దాటి గాల్లో వదిలేయించాడు. రెండు మడమలూ ఒకే ఎత్తులో ఉండాలి. నా ఎడమ మడమ కుడిదానికన్నా ఐదు సెంటీమీటర్లు పైకి నిలబడింది. ఎడమ మోకాలు పూర్తిగా చాగడం లేదన్నమాట. సెంటీమీటరు తేడాకి సుమారు ఒక డిగ్రీ అని వాళ్ల లెక్కట. నేను ఊరుకుంటానా? డిగ్రీకి సరిగ్గా సెంటీమీటరు రావాలంటే వ్యాసార్థం 57 సెంటీమీటర్లు ఉండాలి. నా మోకాలి నుంచి మడమకి 42 కూడా లేదు. కాబట్టి నాకు ఏడు డిగ్రీల దాకా లోటు. చెబితే నవ్వి, కాగితం మీద ఏడు అని రాసుకున్నాడు.

టేపుతో తొడలు కొలిచాడు. మోకాలి చిప్ప పై అంచు నుంచి పది సెంటీమీటర్లు పైకి గుర్తు పెట్టి చుట్టుకొలత చూస్తే, ఎడమ తొడ రెండున్నర సెంటీమీటర్లు సన్నం. రోజూ చీర కట్టుకునే నాకు ఆ తేడా ఎప్పుడూ కనిపించలేదు! అద్దం ముందు ఎడమ కాలి మీద ఒంటికాలిపై నిలబడమన్నాడు. కుడి తుంటి కిందికి జారింది. కుడి కాలి మీద నిలబడితే రెండు తుంటులూ సమానంగానే ఉన్నాయి.

మోకాలు నొప్పి పెట్టడం మానేసి చాలా కాలమైంది కదా, ఇదంతా ఎందుకు ఇలా మిగిలిందని అడిగాను. అతను చెప్పింది నాకు అర్థమైనంతవరకు రాస్తాను. మోకాలిలో నీరు చేరితే, తొడ ముందు భాగంలో ఉండే పెద్ద కండరానికి వచ్చే ఆదేశాలని నాడీ వ్యవస్థే తగ్గించేస్తుంది. దెబ్బతిన్న కీలుని కదపకుండా ఉంచే ఏర్పాటు అది. ప్రయోగాల్లో 20–30 మిల్లీలీటర్ల ద్రవానికే ఆ కండరంలో చిప్ప పక్కనుండే లోపలి పాయ నీరసించిందట. అంటే నాలుగు నుంచి ఆరు టీస్పూన్లు. వాపు తగ్గినా ఆ కండరం తనంతట తాను మేల్కోదు, పనిగట్టుకుని లేపాలి. ఫిజియో అన్నది అందుకే. ఇక దిండు. మోకాలు కొంచెం వంచి ఉంచితే లోపల ఒత్తిడి తగ్గి హాయిగా ఉంటుంది. రోజూ రాత్రంతా అలాగే ఉంచితే వెనక కణజాలం ఆ వంపుకే బిగుసుకుపోతుంది. మా అత్తయ్యకి ఈ మాట ఎలా చెప్పాలో తెలియక కొన్నాళ్లు చెప్పలేదు.

ఏడు డిగ్రీలు వంగితే కాలు పొట్టిదై నడుము ఒక పక్కకి వంగుతుందా అని అడిగాను. ఎక్కడో అలా చదివాను. ఇంటికొచ్చి లెక్క వేస్తే తేలింది: తొడ నలభై, కింది కాలు నలభై సెంటీమీటర్లనుకుంటే ఏడు డిగ్రీల వంపుకి తగ్గే పొడవు మిల్లీమీటరున్నర. అంత తేడాకి నడుము ఎందుకు వంగుతుంది? మర్నాడు ఇదే అడిగితే కుర్రాడు నిజమేనన్నాడు. అసలు సంగతి పొడవు కాదట. మోకాలు పూర్తిగా చాగితే మన బరువు కీలుకి ముందు నుంచి దిగుతుంది, కాలు దానంతటదే నిలబడుతుంది, తొడ కండరానికి దాదాపు పని ఉండదు. కొంచెం వంగి ఉంటే మాత్రం నిలబడ్డంతసేపూ ఆ కండరం పట్టుకునే ఉండాలి. నాకు ఉన్నది సన్నబడ్డ కండరం. కాబట్టి శరీరం ఆ కాలిని వదిలేసి రెండో కాలి మీద వాలిపోతుంది. బోర్డు దగ్గర నేను నిలబడే తీరు అదే.

నడకలో ఇంకో సంగతి ఉంది. కాలు గాల్లో ముందుకి వెళ్లేటప్పుడు మోకాలు 60 డిగ్రీల దాకా వంగుతుంది, లేకపోతే పాదం నేలకి తగులుతుంది. బ్రేస్‌లో వారాల తరబడి బిగదీసుకుని నడిచిన నాకు ఆ వంపు అలవాటు తప్పింది. పాదం తగలకుండా ఎడమ తుంటినే పైకి లాగి కాలు విసురుతున్నాను. ఆ లాగే పని చేసే కండరం చివరి పక్కటెముక నుంచి తుంటి ఎముక పై అంచు దాకా నడుముకి పక్కగా ఉంటుంది. అతను అక్కడ బొటనవేలితో నొక్కగానే అమ్మా అని అరిచాను. స్పాట్‌లో కలుక్కుమన్న చోటు అదే.

పాదం నేల తాకగానే ఆరోగ్యంగా ఉన్న మోకాలు 15–20 డిగ్రీలు వంగి అదురుని మింగుతుంది. వంగేటప్పుడు పట్టుకోవాల్సింది మళ్లీ తొడ కండరమే. దానికి బలం లేకపోతే మనిషి మోకాలు బిగించి నడుస్తాడు, అదురు తుంటికీ నడుముకీ వెళుతుంది. రోజంతా వరండాల్లో తిరిగే ఉద్యోగంలో అలాంటి అడుగులు ఎన్ని పడతాయో!

అయినా ఆ కుర్రాడు ఒక మాట దాచలేదు. "మీ నడుము నొప్పి మోకాలి వల్లే వచ్చిందని రాసివ్వలేను మేడం. నడుము నొప్పికి సవాలక్ష కారణాలు. మోకాలుని సరిచేద్దాం. నడుము తగ్గితే మంచిదే, తగ్గకపోయినా మోకాలన్నా బాగుపడుతుంది." ఈ మాటకే అతని మీద నాకు నమ్మకం కుదిరింది.

మొదటి పని మోకాలు చాపడం. మంచం మీద కూర్చుని మడమ కింద మాత్రమే చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి కింద ఖాళీ ఉంచి, పది నిమిషాలు వదిలేయాలి. చెప్పడానికి ఏముంది, ఊరికే కాలు పెట్టుకుని కూర్చోవడమే కదా అనిపిస్తుంది. ఆరో నిమిషానికి మోకాలి వెనక ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టుంటుంది. తర్వాత మోకాలి వెనక భాగాన్ని మంచానికి అదుముతూ తొడ బిగించడం. కుడి తొడ చెప్పగానే గట్టిపడింది. ఎడమది ఎంత ప్రయత్నించినా కదల్లేదు, నా కాలు నా మాట వినకపోవడం చూసి నిజంగా ఏడుపొచ్చింది. క్లినిక్‌లో కొన్నాళ్లు కరెంటు పెట్టి ఆ కండరాన్ని బిగింపజేస్తూ, నన్నూ అదే సమయంలో బిగించమనేవాడు. అలా పట్టు దొరికింది.

పక్కకి తిరిగి పడుకుని కాలు ఎత్తడం, వెల్లకిలా పడుకుని నడుము పైకి లేపడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, చిన్న పీట ఎక్కి దిగడం ఒక్కొక్కటే చేరాయి. వీటిలో నాకు ఏదీ నచ్చలేదు. పీట ఒక్కటే నయం, కూర పొయ్యి మీద ఉండగా చేసుకోవచ్చు.

మొదట్లో చేతికర్ర వాడమన్నాడు, అదీ కుడి చేత్తో. స్టాఫ్‌రూములో దీని మీద పెద్ద చర్చ. "నొప్పి ఎడమ కాలికైతే కర్ర కుడి చేత్తో పట్టుకుంటారా ఎవరైనా?" అని మా సోషల్ మాస్టారు. నడిచేటప్పుడు ఎడమ కాలుతో కుడి చెయ్యే ముందుకొస్తుంది, ఎడమ కాలి మీద బరువు పడే క్షణంలో కర్ర ఎదురుపక్క నుంచి పంచుకుంటుంది. ఎడమ చేత్తో పట్టుకుంటే ఒళ్లంతా ఆ పక్కకే వాలుతుంది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బాగోలేని కాలు ముందు. ఇది మాత్రం మాస్టారు కూడా ఒప్పుకున్నారు.

అన్నిటికన్నా కష్టమైంది నడక మార్చుకోవడం. మా హాల్లో నిలువుటద్దం ఎదురుగా, తుంటి పైకి లేవకుండా మోకాలు వంచి నడవాలి. ఆలోచిస్తూ నడిస్తే బాగానే ఉంటుంది. గేటు దాటి పాలవాడితో మాట్లాడగానే పాత నడకే. ఎన్టీఆర్ స్టేడియంలో పొద్దున్నే నడిచేటప్పుడు మావారిని వెనక నడవమన్నాను, తుంటి లేస్తే చెప్పమని. ఆయనకి ఈ ఉద్యోగం మహా సరదాగా ఉండేది. "లేస్తోంది, లేస్తోంది" అని అందరికీ వినపడేలా అరిచేవారు.

మోకాలు ముందు చాగింది. నడుము వెంటనే తగ్గలేదు, ఇక్కడే చాలామంది మానేస్తారనుకుంటా. నేనూ మానేద్దునేమో గానీ మడమల ఎత్తు వారం వారం కొలిచి రాసుకోవడం మొదలుపెట్టాను, అంకె తగ్గుతుంటే వదలబుద్ధి కాలేదు. మూడు నాలుగు నెలలకి బడి నుంచి వచ్చి మంచమెక్కకుండా వంట చేసుకోగలిగాను. బెల్టు మెల్లగా వదిలేశాను. మధ్యలో మా బావగారి అమ్మాయి పెళ్లిలో పీటల దగ్గర గంటల తరబడి కింద కూర్చుంటే మళ్లీ పట్టేసింది. ఈసారి భయపడలేదు, రెండు రోజులు నడక తగ్గించి మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పటికీ స్పాట్ రోజుల్లో గంటకోసారి లేచి నాలుగడుగులు వేయకపోతే నడుము గుర్తు చేస్తుంది. డిస్క్ ఉబ్బు అలాగే ఉండి ఉంటుంది, మళ్లీ స్కాన్ తీయించుకోలేదు.

నా కథ విని సోషల్ మాస్టారు తన కుడి మోకాలు పట్టుకుని అదే కుర్రాడి దగ్గరికి వెళ్లారు. ఆయన విషయం తలకిందులైంది. మోకాలు వంచినా, నొక్కినా, మెట్లెక్కించినా నొప్పి లేదు. నడుము వెనక్కి వంచితే తొడ ముందు నుంచి మోకాలి దాకా లాగింది. సుత్తితో కొడితే ఆ కాలు సరిగ్గా ఎగరలేదు. నడుములో మూడు, నాలుగు పూసల దగ్గర బయలుదేరే నరాలే తొడ ముందుకీ మోకాలికీ వస్తాయి, అక్కడ ఒత్తిడి ఉంటే నొప్పి మోకాలిలో పలుకుతుంది. ఆయన్ని నేరుగా డాక్టరు దగ్గరికి పంపించాడు. అన్నాళ్లూ ఆయన మోకాలికి క్యాప్ వేసుకుని తిరిగారు.

ఇక మా అత్తయ్య. ఆవిడకి రెండు మోకాళ్లూ అరిగిపోయి, నిలబడితే ఇరవై డిగ్రీల వంపు ఉంటుంది. నడుము నొప్పి ఎప్పట్నుంచో ఉంది, వయసుతో వచ్చిందని అందరం వదిలేశాం. మోకాళ్లు వంగి ఉంటే కటి, అంటే తుంటి ఎముకల గూడు, వెనక్కి తిరుగుతుంది, నడుములో ఉండాల్సిన సహజమైన వంపు చదునవుతుంది, మనిషి ముందుకి వాలతాడు. 2003లో మురాతా అనే జపాన్ డాక్టరు, ఆయన సహచరులు దీనికి మోకాలు-వెన్ను సిండ్రోమ్ అని పేరు పెట్టారు. చాగడంలో లోటు ఐదు డిగ్రీలు దాటినవాళ్లలో నడుము వంపు తగ్గి కనిపించిందని వాళ్లు రాశారు. అది చదివి ఆవిడ వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడే తీరు చూస్తే, బొమ్మ గీసినట్టు అదే.

కొత్తపేటలో చూపించాం. మోకాళ్లు మార్చొచ్చన్నారు. మార్చాక నడుము నొప్పి తగ్గినవాళ్లూ ఉన్నారు, తగ్గనివాళ్లూ ఉన్నారు, అది ముందే హామీ ఇవ్వలేమని కూడా చెప్పారు. ఆవిడ ఇప్పుడు మడమ కింద తువ్వాలు పెట్టుకుంటున్నారు, సీరియల్లో ప్రకటనలు వచ్చినప్పుడు మాత్రం. దిండు సంగతి కూడా చివరికి చెప్పేశాను. "అప్పుడు హాయిగా ఉందన్నావుగా" అన్నారు. ఆపరేషన్ విషయం సంక్రాంతి వెళ్లాక చూద్దామన్నారు. ఏ సంక్రాంతో చెప్పలేదు.